కిందిగొంతు

లెక్కల టీచరమ్మ రిటైరైన మూడో రోజు పొద్దున్నే స్టూలెక్కి, బీరువా మీదున్న గిటారు పెట్టె దించింది. స్టూలు పట్టుకుని నిలబడ్డ భర్తకి ముందు దుమ్ము, వెనకే తుమ్ము, ఆ తర్వాతే గిటారు కనిపించాయి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ నల్లపెట్టెలో ఏముందని ఆయన అడిగిన పాపాన పోలేదు. గడియారాలు బాగుచేసే మనిషి. ఎవరైనా విప్పి చూడమని చేతికిస్తే తప్ప ఏ వస్తువు జోలికీ వెళ్ళడు.

"ఇది వాయించేది ఎవరు?" అన్నాడు.

"నేనే."

"ఎప్పుడు?"

"మీరు రాకముందు," అంది టీచరమ్మ, గిటారుకి పట్టిన బూజు పైటచెంగుతో తుడుస్తూ. "ఇక మీరు వచ్చాక కూడా."

ఆ మాట నిజమే. ముప్పై మూడేళ్ళ కిందట ఆవిడ టీచరమ్మ కాదు, పాటల మనిషి. తనూ, తనకన్నా ఐదేళ్ళు చిన్నదైన చెల్లెలూ కలిసి ఎక్కడ నలుగురు పోగైతే అక్కడ పాడేవాళ్ళు. పాటలన్నీ అక్క కట్టినవి. బాణీలు మాత్రం అమ్మవి. అమ్మ పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళతో కలిసి పాడేది. ముందు వరసలో వాళ్ళు పైన ఎత్తుకుంటే, వెనక వరసలో వాళ్ళు కింద అందుకునేవాళ్ళు. అదే పద్ధతిన ఇంట్లో అక్కది పైగొంతు, చెల్లిది కిందిగొంతు. పైగొంతు పాటని మొదలుపెట్టి చివరిదాకా నడిపిస్తుంది. కిందిగొంతు సగం లైను దాకా నోరు మూసుకుని ఉండి, చివరి మాటలు మాత్రం పట్టుకుని, పాటని కింది నుంచి ఎత్తి మోస్తుంది. పైగొంతు ఒక్కటే విన్నా పాట పాటే, కాస్త బోసిగా ఉంటుంది, అంతే. కిందిగొంతు ఒక్కటే వింటే మటుకు అది ఏ పాటో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పని పడుతుంది.

తర్వాత అక్కకి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళకి ఈ ఊరి బడికే బదిలీ అయింది. గిటారు పెట్టెలోకి వెళ్ళింది, పెట్టె బీరువా మీదికి వెళ్ళింది. చేతికి సుద్దముక్క వచ్చింది.

బడిలో ఆవిడకి రెండు విషయాల్లో పేరు. ఒకటి ఎర్రసిరా. పుస్తకంలో ఎక్కడ తప్పుంటే అక్కడ ఎర్రటి సున్నా చుట్టందే ఆవిడకి ముద్ద దిగదు. రెండోది, ఆలస్యంగా వచ్చే పిల్లలు. ఆలస్యంగా వచ్చిన పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, "ఆలస్యమైంది టీచర్, లోపలికి రావచ్చా?" అని అడగాలి. కారణం చెప్పకూడదు. బస్సు, వాన, కడుపునొప్పి, ఇవేవీ ఆవిడకి అక్కర్లేదు. అడిగి ఊరుకోవాలి. బోర్డు మీద లెక్క పూర్తయ్యాక ఆవిడ ఇటు తిరిగి, "రా," అనేది. అంతే, ఇక ఆ ఊసు ఎత్తేది కాదు. పిల్లలు హడలిపోయేవాళ్ళు, కానీ ఆ ఒక్క "రా"తో తప్పు మాఫీ అయిపోతుందని వాళ్ళకి తెలుసు.

సరే, గిటారుకి కొత్త తీగలు వేయించారు. మేడ మీది ముందుగదిలో సాధన మొదలైంది. అక్కడే వచ్చింది చిక్కు. ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పిన గొంతు పాట చెప్పడం మొదలుపెట్టింది. ఒక లైను పాడుతుంది, ఆగుతుంది. అదే లైను మళ్ళీ పాడుతుంది, ఇంకాస్త నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి.

కంటికి భూతద్దం బిగించుకుని పక్కనే కూర్చున్న భర్త రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు అడిగేశాడు. "రెండోసారి ఎందుకు?"

"రాసుకోవద్దూ?"

"ఎవరు?"

టీచరమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా ఉన్నది గోడ. రాసుకునే వాళ్ళెవరూ లేరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ తర్వాత కూడా నెలరోజుల పాటు ఆవిడ పాటకి మధ్యలో "అర్థమైందా" అని అడగకుండా ఉండలేకపోయింది. ఆయన చేతిలో పని వదలకుండానే "అర్థమైంది టీచర్" అనేవాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది చెప్పండి. మిగిలిపోయిన పాత జవాబు పుస్తకాల వెనక తెల్లకాగితాల మీద కొత్త పాటలు రాసింది. రాసి, పక్కన ఎర్రసిరాతో తనకి తనే మార్కులు వేసుకుంది. ఒకదానికి పదికి ఆరు, "బాణీ బాగుంది, మాటలు తొందరలో రాసినట్టున్నాయి." ఇంకోదానికి పదికి మూడు, "శ్రద్ధ లేదు." పాతవీ కొత్తవీ కలిపి మొత్తం మీద పది పాటలు తేలాయి. లైబ్రరీ మీద ఉన్న మీటింగు హాల్లో నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరు పాడటం, మాట్లాడటం మామూలే. టీచరమ్మ పాడతానంటే లైబ్రరీ వాళ్ళు ఎగిరి గంతేశారు. వాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర గుమ్మం బయట నిలబడ్డ వాళ్ళే మరి.

పాటలున్నాయి, హాలుంది, రోజు కూడా ఖాయమైంది. లేనిదల్లా కిందిగొంతు. అదేమో కింద అంతస్తులోనే ఉంది.

మేడ కింద గదిలో చెల్లెలి కుట్టుకొట్టు. ముందు గదిలో మిషను, వెనక గదిలో ఆమె కాపురం. కాపురమంటే తనొక్కతే. పెళ్ళెందుకు చేసుకోలేదే అని ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు" అనేది. పొడవు తక్కువ మనిషి, అందుకని అమ్మ పొట్టీ అని పిలిచింది, అక్కకి ఇప్పటికీ ఆమె పొట్టీయే. అక్కాచెల్లెళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రాణం. పొద్దున టీ కలిసి తాగుతారు, కూర గిన్నెలు మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, వారానికోసారి పనికిమాలిన విషయం మీద మాటా మాటా అనుకుని గంటలో మర్చిపోతారు. పాట ఊసు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్క ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ చెల్లెలు పాడలేదు. అడిగితే "గొంతు పోయింది" అంది. అక్క నమ్మింది. నమ్మడం తేలిక కాబట్టి నమ్మింది.

"పొట్టీ, నాతో పాడవే," అంది టీచరమ్మ ఒక పొద్దున, టీ గ్లాసు పట్టుకుని కొట్లోకి వచ్చి. "నువ్వు లేకపోతే ఆ పాటలు కుంటుతున్నాయి."

చెల్లెలు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉంది. తీరిగ్గా ఒక్కోటీ తీసి గుడ్డకి గుచ్చింది. అన్నీ అయ్యాక అంది. "నలభై యూనిఫారాలున్నాయక్కా. బడి తెరిచేలోగా ఇవ్వాలి."

"ఒక్క పాట. పడవ పాట ఒక్కటి పాడు చాలు."

"అదసలు పాడను."

"ఎందుకే?"

"టీ చల్లారిపోతోంది, తాగు," అంది చెల్లెలు. మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టేవాళ్ళతో అదే కష్టం, మాట వద్దనుకుంటే మిషను ఉంది.

పడవ పాటంటే వాళ్ళ పాటలన్నిట్లోకీ పెద్దక్క. దాన్ని అక్క ఇరవై నాలుగేళ్ళ వయసులో కట్టింది.

*రేవు దాటే పడవా, ఒక్కసారి వెనక్కి చూడవే,*
*నిన్ను తోసిన చేయి ఇంకా తడి ఆరలేదే.*
*అద్దరి చేరిన పడవా, ఇద్దరి మాట మరవకే,*
*తాడు విప్పిన వేలికింకా ముడి గుర్తు పోలేదే.*

టీచరమ్మ మేడ మీద ఆ పాట ఎత్తుకున్నప్పుడల్లా కింద మిషను ఆగేది. చెల్లెలికి విసుగొస్తోందనుకుని ఈవిడ గొంతు తగ్గించేది. భర్తకి మాత్రం వేరే సంగతి వినపడింది. టిక్కుటిక్కు శబ్దాల మధ్య బతికిన మనిషి చెవులు కదా.

"మిషను ఆగిపోవట్లేదోయ్," అన్నాడొక రోజు, భూతద్దం తీసి. "సగం లైను దాకా ఆగుతోంది. చివరి మాటలకి నడుస్తోంది. మళ్ళీ ఆగుతోంది. కావాలంటే పాడి చూడు."

పాడి చూసింది. *రేవు దాటే పడవా, ఒక్కసారి...* కింద చడీచప్పుడూ లేదు. *వెనక్కి చూడవే.* టకటకటక. *నిన్ను తోసిన చేయి ఇంకా...* నిశ్శబ్దం. *తడి ఆరలేదే.* టకటకటక.

టీచరమ్మ గిటారు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. గొంతు పోయిందన్న మనిషి ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా తన చోటు తప్పకుండా పట్టుకుంటోంది. మరి పాడదేం? ఆవిడకి బోర్డు మీద జవాబు కనిపిస్తోంది, మధ్యలో లెక్క కనపడటం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మైకు చూసుకోవడానికి హాలుకి వెళ్ళింది. మైకాయన అప్పటికే వచ్చి వైర్లు పరుస్తున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఊళ్ళో ఏ మీటింగు జరిగినా ఆయన పెట్టెలే. గిటారు ఉన్న సంచీ చూసి మెచ్చుకున్నాడు. ఆ సంచీ చెల్లెలు కుట్టింది. పాడనని ఖరాఖండీగా చెప్పిన మర్నాడే, యూనిఫారాల్లో మిగిలిన నీలం ముక్కలన్నీ అతికి, లోపల దూది పెట్టి, భుజానికి తగిలించుకునే పట్టీతో సహా కుట్టి మేడ మీదికి పంపించింది. ఆమె కోపాలు అలాగే ఉంటాయి.

"ఒకటే మైకు చాలన్నారట," అన్నాడు మైకాయన. "మీ చెల్లెలుగారు పాడట్లేదా టీచరమ్మా?"

"మా చెల్లెలు మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు. టౌన్‌హాల్లో ఆ రోజు మైకు నాదేగా. మీరు రాని రోజు."

"ఆ రోజు ప్రోగ్రాం జరగలేదండీ. రద్దయింది."

"ఎవరు చెప్పారు మీకు?"

టీచరమ్మ సంచీ కింద పెట్టింది. ఎవరూ చెప్పలేదు. టౌన్‌హాలు పాటకచేరీకి ముందురోజు సాయంత్రం ఉద్యోగం ఆర్డరు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నంలోగా చేరాలి, బడేమో ఆరు గంటల ప్రయాణం. చెల్లెలు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. తను ఆమె మిషను మీద చీటీ పెట్టి, ఎగరకుండా కత్తెర పెట్టి, బస్సెక్కేసింది. "ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి. ప్రోగ్రాం వద్దని చెప్పెయ్." మూడు ముక్కలు. చెప్పే ఉంటుందని అనుకుంది. ముప్పై మూడేళ్ళు అలాగే అనుకుంది.

"అబ్బే, జరిగింది," అన్నాడు మైకాయన వైరు చుట్టుకుంటూ. "హాలు నిండా జనం. ఆ పిల్ల ఒక్కతే వచ్చి నిలబడింది. పొడవు చాలకపోతే నేనే మైకు దించాను. గిటారు లేదు, ఏమీ లేదు. కాలితో తాళం వేసుకుంటూ నిలబడింది. ఎంతసేపటికీ పాడదే. మైకు పోయిందేమోనని నేను వైర్లన్నీ తడిమాను. అప్పుడు రెండు మాటలు పాడింది. మళ్ళీ ఊరుకుంది. మళ్ళీ రెండు మాటలు. జనం ముందు గుసగుసలాడారు, తర్వాత నవ్వారు. వెనక నుంచి ఈలలు కూడా పడ్డాయి. అయినా దిగలేదు, పాటంతా అయ్యేదాకా అలాగే పాడింది."

టీచరమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"దిగాక ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, 'మైకు బానే ఉందండీ, మీ తప్పేం లేదు' అని చెప్పి వెళ్ళింది. ఆ వయసు పిల్లకి నా సంగతెందుకు చెప్పండి. అందుకే గుర్తుండిపోయింది."

ఆ పూట మైకు ఎలా ఉందో టీచరమ్మ చూడనే లేదు. ఇంటికి ఎలా నడిచి వచ్చిందో కూడా ఆవిడకి తెలియదు. కొట్టు ముందు నిలబడేసరికి చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది.

"ఆ రోజు నువ్వు వెళ్ళావా?" అంది.

ఏ రోజని చెల్లెలు అడగలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మైకాయన చెప్పాడా?"

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

"వద్దని చెప్పమన్నానుగా. ఎందుకెళ్ళావు?"

"ఎందుకంటే ఏం చెప్పను. అంతమంది వచ్చారు. మనిద్దరి పేర్లూ గోడ మీద రాశారు. నాకు ఇరవై ఒక్కేళ్ళు. బస్సు తప్పిపోయి నువ్వు వచ్చేస్తావనుకున్నాను." చెల్లెలు ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ విప్పి మడత పెట్టింది. "నాకు కిందిగొంతు ఒక్కటే వచ్చక్కా. నీది నన్ను నువ్వెప్పుడూ పాడనివ్వలేదు. అందుకని నాదే పాడాను. నవ్వారు. నవ్వినందుకు కాదులే, నవ్వేవాళ్ళు నవ్వుతారు. ప్రతి లైనుకీ నీ భాగానికి చోటు వదిలాను. తలుపు వంక చూస్తూ వదిలాను. నాలుగు లైన్లకీ వదిలాను."

టీచరమ్మకి గుండె చెరువైపోయింది. ఏదో ఒకటి అనాలి. క్షమించమనే మాట ముప్పై మూడేళ్ళుగా వినడమే తప్ప అనడం ఆవిడకి అలవాటు లేదు. నాలుక తిరగక, తిరిగినవైపుకి వెళ్ళింది. "ఆ ఆర్డరులో మధ్యాహ్నంలోగా అని రాశాడే. అప్పుడు అమ్మకి ఒంట్లో ఎలా ఉందో నీకు తెలుసు, ఆ ఉద్యోగం రాకపోతే..."

"కారణాలు చెప్పకక్కా," అంది చెల్లెలు, నెమ్మదిగానే. "నీ క్లాసులో ఒప్పుకుంటావా?"

టీచరమ్మ మిషను పక్కన కూలబడింది.

"ఆదివారం వస్తాలే. వెనక కూర్చుని వింటాను," అంది చెల్లెలు. "పాడమని మాత్రం అడక్కు. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

తినలేదు. చెల్లెలు వెనక గదిలోకి వెళ్ళి కంచంలో వడ్డించి తెచ్చింది. టీచరమ్మ గుడ్డముక్కల మధ్య కూర్చుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, కంచం ఖాళీ చేసింది. చెల్లెలు చూసీ చూడనట్టు బొత్తాలు కుట్టుకుంది.

ఆదివారం నాలుగింటికి హాల్లో అరవై డెబ్భై మంది చేరారు. టీచరమ్మ భర్త ముందు వరసలో మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు చెప్పినట్టే వచ్చింది. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో, చేతిసంచీ గుండెలకి హత్తుకుని కూర్చుంది.

మొదటి పాటకి టీచరమ్మ ఒక తీగ తప్పు మీటింది. రెండో పాటకి కుదురుకుంది. మూడో పాటలో అలవాటు కొద్దీ ఒక లైను రెండుసార్లు పాడి, ఆగి, "రాసుకున్నారా?" అనేసింది. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో నుంచి ఒక మగగొంతు "రాసుకున్నాం టీచర్" అంది, ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి జనం ఆవిడ సొంతమైపోయారు. సుద్దముక్క మీద కట్టిన పాటకి చప్పట్లు, బెంచీల మీద చెక్కిన పేర్ల పాటకి ఇంకా చప్పట్లు. తొమ్మిది పాటలు అయ్యాయి. పైగొంతు ఒక్కటే, బోసిగా, అయినా బాగానే ఉంది. ఆవిడ అక్కడితో దిగిపోయి ఉంటే అందరూ మెచ్చుకుని ఇంటికి పోయేవాళ్ళు.

ఆవిడ గిటారు తీసి కుర్చీకి ఆనించింది. మైకు ముందు చేతులు జారవిడిచి నిలబడింది. "ఆఖరిది, పడవ పాట," అంది.

కాలితో తాళం వేయడం మొదలుపెట్టింది. పాట మాత్రం మొదలు కాలేదు. కాలు కదులుతోంది, పెదవి కదలడం లేదు. జనం ఎదురుచూశారు. మైకాయన గబగబా లేచి వైరు తడమబోయాడు. అప్పుడు ఆవిడ పాడింది, కింద నుంచి, మెల్లగా.

*వెనక్కి చూడవే.*

మళ్ళీ మౌనం. మైకాయన చేయి వైరు మీదే ఆగిపోయింది. ఆయన ఒకసారి టీచరమ్మని చూశాడు, ఒకసారి వెనక వరస చూశాడు. చేయి తీసేసి, తన కుర్చీలో కూర్చుని, తల వంచుకున్నాడు.

*తడి ఆరలేదే.*

ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కనావిడతో, "పాపం, మర్చిపోయినట్టుంది," అంది గట్టిగానే. పక్కవైపు ఇద్దరు కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు అంటువ్యాధి కదా, ఇంకో నలుగురికి పాకింది. భర్త మంచినీళ్ళ సీసా పట్టుకుని సగం లేచాడు. ఆవిడ కళ్ళతోనే కూర్చోమంది.

సగం లైను ఎంత పొడుగుంటుందో టీచరమ్మకి అప్పుడు తెలిసింది. పాట కట్టినప్పుడు తెలియలేదు, వేలసార్లు పాడినా తెలియలేదు. పై మాటలు తనవి కాబట్టి ఎప్పుడూ వాటితో పరుగెత్తుకుపోయింది. కింద నిలబడితే అదొక ఎడతెగని దారి. చెవులు కాలుతున్నాయి. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఇందులో ఎలా నిలబడిందే తల్లీ అని లోపల్లోపలే ఏడ్చింది. అయినా కాలు ఆపలేదు. మూడో లైనుకీ చోటు వదిలింది, తలుపు వంక చూస్తూ.

*మాట మరవకే.*

ఆఖరి వరసలో చెల్లెలు లేచింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు వైపు తిరిగి, గొళ్ళెం మీద చేయి వేసింది. తనని వేళాకోళం చేస్తున్నాననుకుందేమో, మానిన పుండు రేపానేమో అనుకుంది టీచరమ్మ. ఇంకొక్క లైనే మిగిలింది. ఏం జరిగినా సరే, చోటు వదలాలి. వదిలింది. కాలు ఒకటి, రెండు, మూడు అంటోంది.

తలుపు దగ్గర నుంచి గొంతు వచ్చింది. బొంగురు గొంతు, పైకి ఎక్కడం చేతకాక మధ్యలో చీలిపోయిన గొంతు. మనిషి ఇంకా తలుపు వైపే తిరిగి ఉంది.

*తాడు విప్పిన వేలికింకా ముడి...*

*గుర్తు పోలేదే,* అని కింద నుంచి అందుకుంది అక్క.

నవ్విన కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంతసేపూ విన్న ముక్కలు దేనివో అప్పుడు తెలిసింది అందరికీ. టీచరమ్మ కాలు ఆపలేదు. పాటని మొదటికి తీసుకెళ్ళి, మళ్ళీ చోటు వదిలింది. చెల్లెలు ఇటు తిరిగింది. మొహమంతా తడి. *రేవు దాటే పడవా* అంటూ కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చింది. పైగొంతు ఆమెకి ఎవరూ నేర్పలేదు, ముప్పై మూడేళ్ళుగా మనసులో వినీ వినీ వచ్చిందే. ఆమె వేదిక ఎక్కేసరికి మైకాయన ఎదురొచ్చి, ఎవరూ అడగకుండానే, మైకు జానెడు కిందికి దించాడు.

పాట పూర్తయ్యాక చప్పట్ల సంగతి నేను చెప్పడం ఎందుకు. భర్తగారు సీసా మూత తీసి, వాళ్ళకిద్దామనుకున్న నీళ్ళు తనే తాగేశాడు. చెల్లెలు మాత్రం అక్కతో ఒక్క ముక్క మాట్లాడలేదు. "యూనిఫారాలున్నాయి," అని అందరికీ వినపడేలా చెప్పి, చరచరా ఇంటికి వెళ్ళిపోయింది.

అభినందనలన్నీ అయి, పెట్టెలు సర్దాక, టీచరమ్మ ఇల్లు చేరింది. ఇంకా వెలుతురు ఉంది. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మిషను నడుస్తోంది. చెల్లెలు వంగి నీలం చొక్కాకి అంచు కుడుతోంది, తలెత్తలేదు.

టీచరమ్మ మేడమెట్ల వైపు పోతున్న భర్తని వెళ్ళమని సైగ చేసింది. గిటారు సంచీ భుజాన వేసుకుని, గుమ్మం బయటే నిలబడింది. చేతులు కట్టుకుంది.

"ఆలస్యమైంది," అంది. "లోపలికి రావచ్చా?"

ఇంకేమీ చెప్పలేదు. బస్సు, ఆర్డరు, అమ్మ, ఏదీ ఎత్తలేదు.

చెల్లెలు మిషను ఆపలేదు. అంచు చుట్టూ, మూల తిప్పి, రెండోవైపు, తీరిగ్గా కుట్టుకుంటూ పోయింది. అక్క గుమ్మంలో నిలబడే ఉంది. కుట్టు చివరికొచ్చింది. చెల్లెలు దారం పళ్ళతో తెంపి, చొక్కా దులిపి, మడత పెట్టి పక్కన పెట్టింది. అప్పుడు ఇటు తిరిగింది.

"రా," అంది.